నాన్న పొయ్యి, అమ్మ కుక్కరు

జూన్ వచ్చిందంటే నాకూ మా తమ్ముడికీ ఒకటే తలనొప్పి. ఫాదర్స్ డేకి నాన్నకి ఏం కొనాలి?

లోకానికి ఆ పండగ ఆదివారం వస్తుంది. ఒమన్‌లో మా ఆదివారం శుక్రవారమే వస్తుంది కాబట్టి తండ్రులకి కూడా ముందే మర్యాద జరిగిపోతుంది. సోహార్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన శుక్రవారం పొద్దున. ఆ రోజు తండ్రులందరినీ ముందు వరసలో నిలబెట్టి, పిల్లల చేత తలా ఒక పువ్వు ఇప్పించి, ఫొటో తీస్తారు. సాయంత్రం అందరూ మా ఇంటికొస్తారు. పెరట్లో మా నాన్న బొగ్గుల మీద చికెన్ కాలుస్తాడు. జూన్ నెలలో సోహార్ ఎండకి కోడిని కారు బానెట్ మీద పెట్టి రెండు పాటలు పాడుకుంటే అదే కాలుతుంది. ఆ మాట నాన్నతో అంటే, "అది ఎండటమే, కాలడం కాదు" అంటాడు. బొగ్గులు రాజెయ్యాల్సిందే, కళ్ళు మండాల్సిందే.

ఆరుబయట కాల్చుకునే నాన్నలకి ఏమేం కొనివ్వచ్చో చెప్పే సలహాలు ఇంటర్నెట్ నిండా ఉంటాయి. ఆ రాసినవాళ్ళెవరూ మా నాన్నని చూడలేదు. ఒక ఏడాది ఏప్రాన్ కొన్నాం, గుండెల మీద పెద్ద అక్షరాలతో 'గ్రిల్ కింగ్' అని. నాన్న దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "నేనేమన్నా ఆపరేషన్ చెయ్యబోతన్నానేటే?" అన్నాడు. ఇప్పుడది మా నీళ్ళ మోటారుకి ఎండ తగలకుండా కప్పి ఉంది. మా ఇంట్లో కింగ్ ఆ మోటారే. ఇంకో ఏడాది పొడవాటి పటకారు తెచ్చాం. దాంతో అమ్మ అటకమీది చింతపండు డబ్బా దించుతుంది. నాన్న మాత్రం ముక్కని చేత్తోనే తిప్పుతాడు, తిప్పిన ప్రతిసారీ "అబ్బా" అంటాడు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎగిరెగిరి గ్యాస్ గ్రిల్ కొన్నాను. మూత ఉంది, చక్రాలున్నాయి, మీటలున్నాయి. నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిందకి వంగి, వెల్డింగ్ బాగుందని మెచ్చుకున్నాడు. మర్నాటికి దాని మీద అమ్మ కరివేపాకు కుండీ, పుదీనా కుండీ కొలువుతీరాయి. చక్రాలున్నాయి కదా, నీడ ఎటుంటే అటు తిప్పుతున్నారు. పుదీనా మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

నాన్నకి కావలసింది ఒక్కటే, ఆయన డ్రమ్ము. పాత ఇనప డ్రమ్ముని నిలువునా రెండుగా కోయించి, నాలుగు కాళ్ళు వెల్డింగ్ చేసి, పైన ఊచలు పరిచాడు. నాలుగో కాలు పొట్టి. దాని కింద చదును చేసిన పాలడబ్బా రేకు పెడతాం. నాన్న ఫిట్టరు, చేసిందీ ఆయనే, అయినా కాలు పొట్టి. ఆ సంగతి ఎత్తితే నేల ఎత్తుపల్లాలుగా ఉందంటాడు. నేలేమో సిమెంటు నేల.

ఆ డ్రమ్ము సంగతి తెలియాలంటే మేం ఇక్కడికి వచ్చిన కొత్త రోజుల్లోకి వెళ్ళాలి. మా ఇంట్లో గల్ఫ్ వచ్చింది ముందు అమ్మ. నర్సు. భీమవరం దగ్గర మా ఊరి నుంచి సోహార్ ఆసుపత్రికి వచ్చి, కుదురుకుని, తర్వాత ఫ్యామిలీ వీసా మీద మమ్మల్ని పిలిపించుకుంది. ఊళ్ళో రైసుమిల్లు మిషన్లన్నీ నాన్న చేతి మీద నడిచేవి. ఇక్కడికొచ్చాక ఆయన పేరు 'సిస్టర్ గారి భర్త'. పని కోసం పోర్టు వైపు, ఫ్యాక్టరీల వైపు తిరిగేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చి మా స్కూలు బట్టలు ఇస్త్రీ చేసేవాడు. మా నాన్న చేసిన ఇస్త్రీకి సోహార్‌లో సాటి లేదు. కానీ దాన్ని ఎవరికి చూపించుకుంటాడు పాపం!

అలాంటి రోజుల్లో సముద్రం ఒడ్డున ఒకతను బొగ్గుల మీద మాంసం ముక్కలు కాల్చి అమ్ముతుంటే చూశాడు. ఇక్కడ దాన్ని మిష్కాక్ అంటారు. వారం తిరక్కుండా తెలిసినవాళ్ళ వర్క్‌షాపులో డ్రమ్ము కోయించేశాడు. సంఘం మొత్తాన్నీ ఇంటికి పిలిచేశాడు.

ఆ మొదటి శుక్రవారం చికెన్ చూడటానికి అద్భుతం. పైన నల్లగా నిగనిగ. లోపల మాత్రం కోడికి తను చనిపోయిన సంగతి ఇంకా తెలీదు. పెద్దలు మొహమాటానికి తిన్నారు, మేం పిల్లలం చీకట్లో ఏం తింటున్నామో తెలియక తిన్నాం. మర్నాడు సంఘం సంఘమంతా కడుపు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. డ్యూటీలో ఎవరున్నారు? మా అమ్మ. వచ్చిన ప్రతివాళ్ళనీ "నిన్న ఏం తిన్నారు?" అని అడగటం ఆవిడ పని. ప్రతివాళ్ళూ తల దించుకుని నీళ్ళు నమిలారు. అడిగిన ఆవిడకీ తెలుసు, చెప్పలేని వాళ్ళకీ తెలుసు. అమ్మ అందరికీ సెలైన్ పెట్టి, ఊళ్ళో ఏదో వైరల్ తిరుగుతోందని చెప్పి పంపించింది.

అక్కడితో పోయేదే. కానీ పై వారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన సరదాకి, "బ్రదర్, మీ కోడి నా కడుపులో తెల్లారగట్ల కూసిందండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఇంటికొచ్చి డ్రమ్ముని గోడకి బోర్లించి, దాని మీద నీళ్ళ పైపు చుట్ట పెట్టేశాడు. తర్వాత చాలా వారాలు ఆరాధనకి రాలేదు. పని వెతుక్కోవడానికి కూడా వెళ్ళేవాడు కాదు. ఇస్త్రీ మాత్రం చేసేవాడు, మాట్లాడకుండా. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నాకు అంతకుముందు తెలీదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు నచ్చదు.

ఒక రోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా అబద్ధం చెప్పింది.

"ఏవండీ, మా వార్డువాళ్ళు మీ కాల్చిన కోడి గురించి విన్నారంట. ఈ శుక్రవారం వస్తామంటన్నారు."

నాన్న ముందు బెట్టు చేశాడు. తర్వాత పైపు చుట్ట తీసి పక్కన పెట్టాడు.

ఆ శుక్రవారం నుంచి మా ఇంట్లో ఒక రహస్య విధానం అమల్లోకి వచ్చింది. నాన్న పెరట్లో బొగ్గులు రాజేస్తూ ఉంటాడు. అవి ఎంతకీ అంటుకోవు, ఆయన అట్టముక్కతో విసురుతూనే ఉంటాడు. ఆ లోపల అమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, లెగ్ పీసులన్నీ కుక్కర్లో పడేసి ఉడికిస్తుంది. తర్వాత ఏసీ కింద పెట్టి చల్లార్చి, పెరుగూ కారం పసుపూ కలిపిన ముద్ద మళ్ళీ దట్టంగా పట్టిస్తుంది. ఆ ఎర్రటి ముద్ద కింద కోడి పచ్చిదో ఉడికిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. నాన్న దాన్ని నిప్పుల మీద ఎంత కాల్చినా, ఎంత తక్కువ కాల్చినా ఎవరికీ ప్రమాదం లేదు.

చిక్కల్లా విజిల్‌తోనే. వంటింటి కిటికీ పెరట్లోకే ఉంటుంది. అందుకని మాకు, అంటే నాకూ తమ్ముడికీ, ఒక డ్యూటీ పడింది. కుక్కరు మీద బరువు కదలగానే సంఘంలో పాడే ఒక పాట ఎత్తుకోవాలి. ఏ పాటంటే ఆ పాట పనికిరాదు. పల్లవి తారస్థాయిలో ఉన్న పాట ఒకటి అమ్మే ఎంచింది. సరిగ్గా విజిల్ వచ్చేటప్పుడు పల్లవి అందుకోవాలి. రెండు విజిళ్ళు, రెండు పల్లవులు. బయట నాన్న అట్టముక్కతో విసురుతూ వచ్చినవాళ్ళతో, "మా పిల్లలకి భక్తి ఎక్కువండి" అని చెప్పుకునేవాడు. మా తమ్ముడికి ఇప్పటికీ ఆ పాట వింటే చికెన్ వాసన వస్తుంది. చర్చిలో పెళ్ళికి ఆ పాట పాడితే వాడు వంటవాళ్ళ వైపు చూస్తాడు.

నాన్న చికెన్‌కి పేరొచ్చింది. లోపల వెన్నలా ఉంటుందని, బయట కరకరలాడుతుందని, చెయ్యి తిరిగిందంటే ఇదీ అని అన్నారు. చికెన్ తినడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన పోర్టు దగ్గర కంపెనీలో పనిచేసేవాడు. ఆయన ద్వారానే నాన్నకి మెయింటెనెన్స్‌లో పని దొరికింది, సొంత వీసా వచ్చింది. అదంతా డ్రమ్ము చలవే అని నాన్న నమ్మకం. కాదని ఎలా అంటాం? మేం ముగ్గురం ఇన్నేళ్ళూ కిమ్మనలేదు. ఎప్పుడైనా తెలిసిందా, నాన్న డ్రమ్ముని మళ్ళీ గోడకి బోర్లిస్తాడు. ఆ భయం అమ్మకి ఎప్పుడూ ఉండేది.

ఇంత తెలిసీ ఈ ఏడాది మేం పప్పులో కాలేశాం.

నేనిప్పుడు సోహార్‌కి రెండు గంటల దూరంలో ఉన్న రుసైల్‌లో ఒక తిండిపదార్థాల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. తెల్లకోటు వేసుకుని, వచ్చిన ప్రతిదాంట్లో సూది గుచ్చి లోపల వేడెంతో చూడటం నా ఉద్యోగం. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు దొరికింది, అంకెలు వెలుగుతాయి, నాన్నకి మిషన్లంటే ఇష్టం కదా" అన్నాడు. నాకు రోజూ చేతిలో ఉండే వస్తువు. "భలే, కొనెయ్" అన్నాను. ఇద్దరం కలిసి రంగు కాగితం చుట్టాం. ఇద్దరిలో ఒక్క బుర్రకైనా తట్టాలి కదా! తట్టలేదు.

ఫాదర్స్ డే శుక్రవారం సాయంత్రం సంఘం వాళ్ళూ వార్డువాళ్ళూ అందరూ చెప్పిన టైము కంటే ముందే దిగారు. పక్కింట్లో ఉండే మా ఇంటి ఓనరు, ఒమనీ పెద్దాయన, ఖర్జూరాల పళ్ళెంతో వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మకి కంగారు. కుక్కరు అప్పుడే దింపింది. మేం ఈసారి పాట కూడా సరిగా పాడలేదు, జనం గోలలో విజిల్ కలిసిపోయింది. చల్లార్చే తీరిక లేక వేడి ముక్కలకే కారం ముద్ద పూసేసి ట్రే నాన్నకి అందించింది.

నాన్న రంగు కాగితం విప్పాడు. ఈసారి మాత్రం ఆయన మొహం నిజంగా వెలిగింది. థర్మామీటరు మీట నొక్కి, అంకెలు చూసి, కాగితం మీద రాసింది పైకే చదివి, అందరినీ దగ్గరికి పిలిచాడు.

"అందరూ ఇటు చూడండి. ఇది పచ్చి కోడి. ఇప్పుడు దీన్ని గుచ్చితే ఎంత చల్లగా ఉందో చూపిస్తది. కాలాక మళ్ళీ గుచ్చుదాం. మనం చేసే పని సైన్సో కాదో తేలిపోద్ది."

అప్పుడు తట్టింది నాకు. తమ్ముడు నా వైపు చూశాడు. అమ్మ చేతిలో ఉల్లిపాయల పళ్ళెం ఒరిగిపోయింది. "నాన్నా, అది ఇప్పుడు కాదు, ముందు..." అని నేను నోరు తెరిచేలోపే సూది దిగిపోయింది.

అంకెలు ఎక్కడం మొదలెట్టాయి. ఎక్కుతూనే ఉన్నాయి. డెబ్బై దాటి ఆగాయి. మా ఫ్యాక్టరీలో ఆ అంకె కనబడితే నేను 'ఉడికింది, పంపొచ్చు' అని సంతకం పెడతాను. అలవాటు కొద్దీ జేబులో పెన్ను తడుముకున్నాను కూడా.

అందరూ ఆ అంకెని చూశారు. వార్డువాళ్ళు ఒకళ్ళ చెవులు ఒకళ్ళు కొరుక్కోబోయారు. నాన్న అంకె చూశాడు, ట్రే చూశాడు, ఒక్కసారి తలెత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ ఉల్లిపాయ ముక్కలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకుని ఉంది.

"చూశారా!" అన్నాడు నాన్న గట్టిగా. "ఇదండీ సోహార్ ఎండంటే! వంటింట్లోంచి పెరట్లోకి వచ్చేలోపే కోడి సగం ఉడికిపోయింది!"

అందరూ గొల్లుమన్నారు. ఓనరు తల ఊపుతూ, "గర్మీ బహుత్, రఫీక్, బహుత్" అన్నాడు, వేడి చాలా ఎక్కువ మిత్రమా అని. నాన్న థర్మామీటరుని రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకుని ఎప్పటిలాగే ముక్కలు పేర్చాడు, ఎప్పటిలాగే "అబ్బా" అన్నాడు. నిజంగా నమ్మి అన్నాడో, నమ్మినట్టు అన్నాడో నాకు అంతుపట్టలేదు.

పై శుక్రవారం నాన్న పొయ్యి వెలిగించలేదు. మోకాలు నొప్పన్నాడు. ఆ పై శుక్రవారమూ అదే నొప్పి. థర్మామీటరుని మాత్రం రోజూ బకెట్లో ముంచుతున్నాడట. ఇక్కడ ఎండాకాలంలో కుళాయి నీళ్ళు మరుగుతూ వస్తాయి కదా, ఆ అంకెని ఫొటో తీసి సంఘం వాట్సాప్‌లో 'స్నానం ఇప్పుడే చెయ్యకండి' అని పెడుతున్నాడు. కోడి ఊసే లేదు.

అమ్మ ఫోన్ చేసింది. "ఏటోనే, మీ నాన్న డ్రమ్ము వంక చూడట్లేదు. తెలిసిపోయిందంటావా?"

"తెలిస్తే ఏమవుతుందమ్మా ఇప్పుడు? ఇన్నేళ్ళయింది."

"నువ్వు చిన్నదానివప్పుడు. నీకు గుర్తు లేదు" అంది. నాకు గుర్తుంది.

ఆ పై శుక్రవారం రుసైల్ నుంచి కారేసుకుని బయల్దేరాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. గేటు తీసేసరికి పెరట్లో డ్రమ్ము మామూలు చోటే ఉంది, పాలడబ్బా రేకుతో సహా. బొగ్గులు పోసి ఉన్నాయి. వంటింటి కిటికీ లోంచి పాట వినిపించింది.

మా పాట. శ్రుతి ఎటో, తాళం ఎటో. పాడుతున్నది నాన్న.

తలుపు నెట్టాను. పొయ్యి మీద కుక్కరు. పక్కన కారం ముద్ద కలిపి సిద్ధంగా ఉంది. నాన్న బనీనులో నిలబడి, బరువు కదిలేసరికి పల్లవి అందుకున్నాడు. ఆయనకి పల్లవి అందలేదు, అయినా వదల్లేదు. నన్ను చూసి పాట ఆపకుండానే నోటి మీద వేలు పెట్టుకుని, పడకగది వైపు చూపించాడు.

విజిల్ ఆగాక గుసగుసగా అన్నాడు. "మీ అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది. లేపకు."

"నీకు తెలుసా నాన్నా?"

"తెలీకేటే? పచ్చి కోడి చేతికి ఎలాగుంటదో, ఉడికింది ఎలాగుంటదో మీ సూది వచ్చి చెప్పాలా నాకు? మొదటి వారమే తెలిసింది. మొన్న మీ అమ్మ చల్లార్చే ఉంటదనుకుని సూది గుచ్చా."

"మరి మోకాలు నొప్పి?"

"ఈ నెలంతా ఆవిడికి నైట్ డ్యూటీలే. పొయ్యి పెడతానంటే నిద్ర మానుకుని లేచి కుక్కరు పెడద్ది. అందుకని నొప్పన్నా. ఇయ్యాల ఓనరు ఇంటికి చుట్టాలొచ్చారు, నోరు తెరిచి అడిగాడు. కాదంటే బాగోదు కదా."

"మరి అమ్మకి చెప్పెయ్యచ్చుగా నాన్నా, తెలుసని?"

నాన్న కుక్కరు కింద మంట కాస్త తగ్గించాడు. "మొదట్లో రోషమొచ్చింది. చెప్పేద్దామనే తలుపు దాకా వచ్చా. లోపల ఆవిడ చెమటలు కారతా మీకు పాట నేర్పతంది, ఎక్కడ అందుకోవాలో. డ్యూటీ చేసొచ్చిన మనిషి. నా పరువు కోసం అంత కష్టపడతంటే, నాకు తెలుసని చెప్పి ఆవిడ కష్టం ఎందుకు పాడు చెయ్యాలి? చెప్పకే అమ్మా. చిన్నబుచ్చుకుంటది."

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు కానియ్యాలో తేల్చుకునేలోపే కుక్కరు మీద బరువు మళ్ళీ కదిలింది. నాన్న చేత్తో సైగ చేశాడు. ఇద్దరం కలిసి పల్లవి ఎత్తుకున్నాం. ఆయన కింది స్వరంలో ఉండిపోయాడు, నేను పై స్వరానికి వెళ్ళాను.

రెండో పల్లవి అయిందో లేదో, పడకగదిలోంచి మూడో గొంతు చరణం అందుకుంది. నిద్ర మత్తులో ఉన్నా శ్రుతి తప్పలేదు. చరణం పూర్తి చేసి, అమ్మ అక్కణ్ణించే కేకేసింది.

"రెండు చాలు! ఇంకోటొస్తే ముక్క ఎముకనొదిలేస్తది!"

నాన్న టక్కున స్టవ్ కట్టేశాడు. నా వైపు చూడలేదు. ముక్కలు తీసి, ఏసీ కింద పెట్టి చల్లార్చి, కారం ముద్ద పట్టించి, ట్రేలో వరసగా పేర్చాడు. అమ్మ మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుంటూ వచ్చి ట్రే దగ్గర నిలబడింది. ఒక ముక్కని వేలితో నొక్కింది.

"పచ్చిదేనా అండీ?" అంది.

"పచ్చిదే" అన్నాడు నాన్న.

"అయితే వెళ్ళి బాగా కాల్చండి" అంది అమ్మ, అట్టముక్క చేతికిస్తూ.